ఈతకొలను గట్టిదనం నాజిల్ దగ్గరే తేలుతుంది

గుంటూరు–పగిడిపల్లి రైలుమార్గం నుంచి మాచర్ల శాఖ చీలే నడికుడి జంక్షన్ చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సిమెంటు కర్మాగారాలకూ ముడిసరుకు ఆ రాయే. దాన్ని బంకమన్ను వంటి పదార్థాలతో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, వచ్చిన క్లింకరును కొద్దిపాటి జిప్సంతో నూరితే సిమెంటు తయారవుతుంది. బస్తాకు ఎక్కేదాకా దాని నాణ్యతను కర్మాగారపు ప్రయోగశాల కనిపెట్టుకుని ఉంటుంది గానీ, ఆ సిమెంటుతో లేచిన గోడ గట్టిదా కాదా అన్నది పనిచోటనే తేలుతుంది. ఈతకొలనుల నిర్మాణంలో వాడే షాట్‌క్రీట్‌కు, అంటే గాలి ఒత్తిడితో గొట్టంలోంచి చిమ్మే కాంక్రీటుకు, ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

మామూలు కాంక్రీటుకైతే సెంట్రింగ్ బిగించి, మాలు పోసి, వైబ్రేటరుతో కుదించి లోపలి గాలిని వెళ్లగొడతారు. షాట్‌క్రీట్‌కు వెనకవైపు తవ్విన మట్టిగోడ గానీ ఒక పలక గానీ ఉంటే చాలు. గొట్టం చివరనున్న నాజిల్ నుంచి దూసుకువచ్చే వేగమే మాలును గోడకు దట్టిస్తుంది కనుక, వంపులు తిరిగిన కొలనులకు ఈ పద్ధతి ఎంతో అనువైనది. అయితే వేగం చాలక గుల్లబారిన చోటును ఆ తరువాత వైబ్రేటరు పెట్టి సరిచేసుకునే వీలు ఇందులో లేదు.

ఈ విధానానికి ఆద్యుడు కార్ల్ ఏక్లీ అనే అమెరికన్. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో జంతు కళేబరాలకు ప్రదర్శన రూపం ఇచ్చే పనిలో ఉన్న ఆయన 1907 ప్రాంతంలో రూపొందించిన యంత్రానికి 1911లో పేటెంటు లభించగా, దానితో చిమ్మిన మాలు గునైట్ అనే వ్యాపారనామంతో ప్రచారంలోకి వచ్చింది. అందులో సిమెంటు, ఇసుక పొడిగానే గొట్టం వెంట వచ్చి నాజిల్ వద్ద నీటితో కలుస్తాయి. దీన్ని పొడి పద్ధతి అంటారు. నీటితో ముందే కలిపిన మాలును పంపుతో నెట్టి, నాజిల్ వద్ద గాలిని మాత్రమే జోడించేది తడి పద్ధతి. మొదటిదానిలో నీటి పాళ్లు నాజిల్ పట్టిన మేస్త్రీ చేతిలో ఉంటాయి కనుక, నీరు తగ్గితే ఇసుక పొరలు ఏర్పడతాయి, ఎక్కువైతే మాలు జారిపోతుంది.

చిమ్మిన మాలంతా గోడకు అంటుకోదు. కొంత కంకర, ఇసుక ఎగిరి వెనక్కి పడతాయి. అలా రాలిన దానిలో సిమెంటు పాలు చాలా తక్కువ కనుక దానికి బలం ఉండదు. దాన్ని ఎత్తి పారవేయవలసిందే తప్ప మళ్లీ పనిలో కలపరాదు. అయినా కొలను మెట్లనూ, కూర్చునే గట్లనూ ఈ రాలుడుతోనే నింపి పైన నున్నగా పూత పూయడం ఈ పనిలో తరచు జరిగే తప్పు. రాలుడు మూలల్లో పేరుకుపోకుండా చూడడానికే అనుభవజ్ఞుడైన మేస్త్రీ కింది మూలల నుంచి పని మొదలుపెడతాడు, పక్కనున్న సహాయకుడు గాలిగొట్టంతో దాన్ని ఎప్పటికప్పుడు ఊదేస్తుంటాడు.

ఇనుప చువ్వల వద్ద మరింత జాగ్రత్త కావాలి. నాజిల్‌ను గోడకు వీలైనంత లంబంగా, తగిన దూరంలో పట్టి చిమ్మినప్పుడు మాలు చువ్వ చుట్టూ తిరిగి వెనక భాగాన్ని నింపుతుంది, చువ్వ ముందుభాగం దాదాపు శుభ్రంగానే కనబడుతుంది. ముందుభాగాన మాలు ముద్దగా పేరుకుంటున్నదంటే వేగం చాలడం లేదనో, మాలు మరీ గట్టిగా ఉన్నదనో, దానివల్ల వెనక ఖాళీ మిగులుతున్నదనీ అర్థం. పై పూత వేశాక ఆ ఖాళీ కంటికి కనబడదు. క్రమంగా అక్కడికి క్లోరిన్ కలిసిన నీరు చేరి ఇనుము తుప్పుపడుతుంది; తుప్పు ఉబ్బి కాంక్రీటును చీల్చుతుంది. తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే నల్లరేగడి నేలల్లో, నిండినప్పుడు నీటి ఒత్తిడినీ, ఖాళీ చేసినప్పుడు వెనక మట్టి ఒత్తిడినీ తట్టుకోవలసిన గోడలో ఇటువంటి లోపం చిన్నది కాదు.

చిమ్మిన తరువాతి రోజులూ అంతే ముఖ్యం. ఎండలకు పేరుబడ్డ రెంటచింతల ఉన్న పల్నాడులో వేసవి గాలికి పలుచని గోడ ఉపరితలం గంటల్లోనే ఆరిపోయి నెరియలు విచ్చుతుంది. అందువల్ల పనిని తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ సాగించి, తడి గోనెపట్టాలు కప్పి కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి.

షాట్‌క్రీట్ వాడకం కొలనులకే పరిమితం కాదు. రాయలసీమ–నెల్లూరు సరిహద్దు కొండల్లో చెర్లోపల్లి, రాపూరు మధ్య 6.5 కిలోమీటర్లకు పైగా తొలిచి, 2019లో ప్రారంభించిన రైలు సొరంగాన్ని నిర్మించినది కొత్త ఆస్ట్రియన్ పద్ధతిలో. తొలిచిన రాతికి వెంటనే షాట్‌క్రీట్ పట్టించడం ఆ పద్ధతిలో ప్రధానాంశం. అటువంటి భారీ పనుల్లో నాణ్యత పరీక్ష లేనిదే అడుగు ముందుకు పడదు. ఇంటి పెరటి కొలనులో మాత్రం పైనున్న టైల్సు చూసి తృప్తిపడడమే ఎక్కువ.

షాట్‌క్రీట్‌కు మన దేశంలోనూ ఐఎస్ 9012 అనే ప్రమాణం ఉంది. అసలు పనిలో వాడే మాలునే, అదే మేస్త్రీ చేత చువ్వలు అమర్చిన ఒక పెట్టెలోకి చిమ్మించి, గట్టిపడ్డాక గుండ్రటి ముక్కలు కోసి పరీక్షించడం అందరూ అంగీకరించిన విధానం. కొలను గోడకు 28 రోజులలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 28 న్యూటన్ల బలమైనా ఉండాలని అమెరికా షాట్‌క్రీట్ సంఘం సూచిస్తుంది. కోసిన ముక్కలో చువ్వ వెనక ఖాళీ ఉందో లేదో కంటికే కనబడుతుంది కనుక, గుత్తేదారుతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ పరీక్షనూ, రాలుడును పారవేయడాన్నీ, నీళ్లు పట్టే గడువునూ షరతులుగా చేర్చుకున్న యజమానికి పూత వెనక ఏముందో ఊహించుకోవలసిన అవసరం రాదు.