హెచ్ఐవీతో జీవించేవారి ఎముకల ఆరోగ్యం – దాతలు తెలుసుకోవాల్సిన విషయాలు



రంజాన్ దగ్గర పడుతోందంటే మన దాతలు అడిగే మొదటి ప్రశ్న "ఈసారి ఏం పంచుదాం?" అన్నదే. బియ్యం, నూనె, చీరలు, దుప్పట్లతో పాటు ఈ మధ్య "బలం మాత్రలు" పంచుదామనే మాట కూడా వినిపిస్తోంది. క్యాల్షియం, ఐరన్ మాత్రలు చవక. పంచడం సులువు. ఎవరు వేసుకున్నా మేలే జరుగుతుందని అందరి నమ్మకం. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే. కానీ హెచ్ఐవీ మందులు వాడుతున్నవారి చేతిలో ఆ మాత్ర పెట్టేముందు ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పకపోతే, మేలు చేయబోయి కీడు చేసినవాళ్లమవుతాం. ఆ జాగ్రత్త ఏమిటో, అసలు వీరికి ఎముకల సమస్య ఎందుకు వస్తుందో, మన సాయం ఎలా ఉంటే బాగుంటుందో ఇక్కడ తెలుసుకుందాం.

ఆయుష్షు పెరిగింది, అవసరాలు మారాయి

మన దేశంలో హెచ్ఐవీ మొదటిసారి 1986లో చెన్నైలో బయటపడింది. అప్పట్లో ఆ పేరు వింటే మరణమే గుర్తొచ్చేది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి, పరీక్షలో హెచ్ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు మొదలుపెట్టే విధానం వచ్చింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకటే మాత్ర. దాన్ని క్రమం తప్పకుండా వేసుకునేవారు అందరిలాగే పనులు చేసుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చేస్తూ, ముసలితనం దాకా బతుకుతున్నారు.

దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. తెలంగాణలో ఈ శాతం జాతీయ సగటుకు సుమారు రెట్టింపు. ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి పట్టణంవారే కాదు, దూరపు పల్లెలవారూ వస్తారు. ఇరవై ఏళ్ల కిందట మందు మొదలుపెట్టినవారు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లలో ఉన్నారు. వైరస్ అదుపులో ఉంది. కానీ గుండె, మూత్రపిండాలు, ఎముకలకు సంబంధించిన జబ్బులు ముందుకు వస్తున్నాయి. వీటిలో ఎముకల జబ్బు బయటికి కనిపించదు, నొప్పి కూడా పెట్టదు. ఎముక విరిగాకే తెలుస్తుంది.

ఎముక లోపల ఏం జరుగుతుంది?

ఎముకను మనం రాయిలాంటిది అనుకుంటాం. నిజానికి అది నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు లాంటిది. ఒక రకం కణాలు పాత ఎముకను తొలగిస్తుంటాయి, మరో రకం కణాలు కొత్త ఎముకను కడుతుంటాయి. ఇలా సుమారు పదేళ్లలో అస్థిపంజరం మొత్తం కొత్తదవుతుంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికే ఎముకల బలంలో ఎక్కువ భాగం సమకూరుతుంది. ముప్పై దాటాక కట్టుబడి కంటే కూల్చివేత మెల్లగా ఎక్కువవుతుంది. ఆడవారికి నెలసరి ఆగిపోయాక ఈ నష్టం వేగం అందుకుంటుంది. ఎముక లోపల గుల్లబారి, చిన్న దెబ్బకే విరిగే స్థితిని బోలు ఎముకల వ్యాధి అంటారు.

హెచ్ఐవీ ఉన్నవారిలో ఈ వ్యాధి, అదే వయసులో ఉన్న ఇతరులకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు తేల్చాయి. దీనికి కారణాలు మూడు.

మొదటిది వైరస్. అది ఒంట్లో ఉన్నంతకాలం రోగనిరోధక వ్యవస్థ లోలోపల రగులుతూనే ఉంటుంది. ఆ రగులుడు ఎముకను తొలగించే కణాలను ఉసిగొల్పుతుంది.

రెండోది మందు. ఏ కలయిక వాడినా, ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో ఎముక సాంద్రత 2 నుంచి 6 శాతం దాకా తగ్గుతుంది, ఆ తర్వాత చాలావరకు నిలకడగా ఉంటుంది. ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో పెద్దవారికి ఎక్కువగా ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అనే మూడు మందులు కలిసి ఉంటాయి. వీటిలో టెనోఫోవిర్ ప్రభావం ఎముకపై కాస్త ఎక్కువ. కొద్దిమందిలో ఇది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అప్పుడు ఎముకకు కావలసిన ఫాస్ఫేట్ మూత్రంలో పోతుంది, ఎముక మెత్తబడుతుంది.

మూడోది జీవన పరిస్థితి. తక్కువ బరువు, పాల పదార్థాలు లేని తిండి, విటమిన్ డి లోపం, బీడీ, చుట్ట, గుట్కా, సారా వంటివన్నీ ఎముకను బలహీనపరుస్తాయి.

అయినా మందు ఆపకూడదు

ఇది చదివి ఎవరైనా "అయితే ఆ మందే మానేస్తే పోలా?" అనుకుంటే అంతకంటే ప్రమాదం లేదు. మందును మధ్య మధ్య ఆపితే దుష్ప్రభావాలు తగ్గుతాయేమోనని అనేక దేశాల్లో కలిపి ఒక పెద్ద పరిశోధన చేశారు. ఆపినవారిలో జబ్బులు, మరణాలు పెరగడంతో 2006 జనవరిలో ఆ ప్రయోగాన్ని నిలిపివేశారు. ఎముక నష్టాన్ని సరిదిద్దే దారులున్నాయి. మందు ఆపితే మాత్రం వైరస్ తిరగబడుతుంది, ఉన్న మందు పనిచేయకుండా పోవచ్చు. ఎముకలకో మూత్రపిండాలకో ఇబ్బంది కనిపిస్తే టెనోఫోవిర్ బదులు అబాకవిర్ వంటి మందుకు మార్చాలా వద్దా అన్నది ఏఆర్‌టీ వైద్యులు నిర్ణయిస్తారు. మనకు మనంగా సలహాలు ఇవ్వకూడదు.

అడవి అంచు పల్లెల్లో ఇబ్బంది ఎందుకు ఎక్కువ?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులు. అక్కడ కోయ, కొండరెడ్డి కుటుంబాలు, వలస వచ్చిన గుత్తికోయలు, చిన్న వ్యాపారాలు, కూలి పనులు చేసుకునే అన్ని మతాలవారూ ఉన్నారు. వేసవిలో తునికాకు సేకరణ, ఆ పైన పోడు పని, మిరప కోతలు. అన్నీ వంగి చేసేవి, బరువులు మోసేవి. వెన్నుపూస గుల్లబారినవారికి ఒక మూట ఎత్తడమే చాలు, పూస నలిగిపోతుంది. అది "నడుం నొప్పి" పేరుతోనే మరుగున పడిపోతుంది.

భద్రాచలం నుంచి ఖమ్మానికి వంద కిలోమీటర్లకు పైనే. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష కోసం పెద్ద నగరాలకు వెళ్లాల్సి రావచ్చు. ఒకరోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, నొప్పి లేని జబ్బు కోసం ఎవరు వెళతారు? వానాకాలం సంగతి మరీ కష్టం. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో దారులు మునిగితే ఇంట్లో మాత్రలు నిండుకున్నవారి గతి ఏమిటి?

ఇంకో స్థానిక కారణం ఉంది. దేశంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అత్యధికంగా జరిగేది రెండు తెలుగు రాష్ట్రాల్లోనేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, నెలసరి ఆగిన ముసలితనం ముందే వచ్చినట్టే. దానికి హెచ్ఐవీ తోడైతే నలభై ఏళ్లకే ఎముకలు అరవై ఏళ్లవారి ఎముకల్లా తయారు కావచ్చు.

ఎప్పుడు అనుమానించాలి?

చిన్నగా జారిపడితేనే మణికట్టో తుంటో విరిగినా, ఎత్తు తగ్గి వీపు వంగుతున్నా ఎముకలు గుల్లబారాయేమో చూడాలి. గొంతుక్కూర్చుని లేవలేకపోవడం, ఒళ్లంతా ఎముకల నొప్పులు ఎముక మెత్తబడటానికి గుర్తు కావచ్చు. గజ్జల్లో నొప్పితో కుంటుతున్నారంటే తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతినే జబ్బు కావచ్చు. ఇది హెచ్ఐవీ ఉన్నవారిలో ఎక్కువ. మద్యం, స్టెరాయిడ్ మందులు దీనికి తోడవుతాయి. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ అనుమానించి వెంటనే పరీక్ష చేయించాలి.

హెచ్ఐవీ ఉన్న మగవారికి యాభై దాటాక, ఆడవారికి నెలసరి ఆగాక డెక్సా పరీక్ష చేయించాలన్నది నిపుణుల సూచన. అందులో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకు కింద ఉంటే బోలు ఎముకల వ్యాధి ఉన్నట్టు. దానికి వారానికి ఒకసారి వేసుకునే మాత్రలు, ఏడాదికి ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి. మూత్రపిండాల పరీక్ష చూశాకే వైద్యులు వీటిని ఇస్తారు.

క్యాల్షియం మాత్ర: అసలు జాగ్రత్త ఇదీ

డోలుటెగ్రవిర్ మందును క్యాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే, ఆ ఖనిజాలు మందును పట్టేసుకుంటాయి. మందు ఒంటికి సరిగా ఎక్కదు. రోజూ ఇలాగే జరిగితే వైరస్ మళ్లీ తలెత్తవచ్చు. రోగి "మందు రోజూ వేసుకుంటున్నాను కదా" అనే అనుకుంటాడు. అది నిజమే, కానీ మందు పనిచేయదు.

పరిష్కారం తేలిక. ఏఆర్‌టీ మాత్రను క్యాల్షియం లేదా ఐరన్ మాత్రకు కనీసం 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేదంటే రెండింటినీ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందులకు మాత్రం భోజనంతో మినహాయింపు లేదు, 2 గంటలు – 6 గంటల నియమం పాటించాల్సిందే.

రంజాన్ ఉపవాసాల్లో దీనికి ఒక అనుకూలమైన పద్ధతి ఉంది. వైద్యుడు ఉపవాసానికి సరేనంటే, ఏఆర్‌టీ మాత్రను ఇఫ్తార్ సమయంలోనూ, క్యాల్షియంను సహరీలోనూ వేసుకుంటే రెండింటి మధ్య చాలినంత ఎడం ఉంటుంది. ఒంట్లో బాగులేనివారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందన్న సంగతి మనకు తెలిసిందే. మందు మానేసి ఉపవాసం ఉండమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు.

విటమిన్ డి సాచెట్లు, పెద్ద మోతాదు గుళికల విషయంలో కూడా ఇష్టం వచ్చినట్టు పంపిణీ వద్దు. మోతాదు మించితే రక్తంలో క్యాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని. వైద్యుడు రాస్తేనే ఇవ్వాలి.

మాత్ర కంటే ముందు తిండి

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. ఇది మన వంటింట్లోనే దొరుకుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350, గ్లాసు పాలలో సుమారు 240, 100 గ్రాముల మునగాకులో 300కు పైగా మిల్లీగ్రాములు ఉంటాయి. నువ్వుల్లో 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములు దాటుతుంది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, రెండు పూటలా పాలు లేదా పెరుగు, సాయంత్రం రెండు నువ్వుల ఉండలు తింటే రోజు అవసరం దాదాపు తీరినట్టే. ముళ్లతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే.

ఎముకకు గుడ్డు, పప్పు వంటి మాంసకృత్తులు, ఎండ, నడక కూడా కావాలి. రోజంతా ఇంట్లోనే ఉండే ఆడవారు ఇంటి మిద్దె మీదో పెరట్లోనో ముఖం, చేతులకు కాసేపు ఎండ తగిలేలా చూసుకుంటే మంచిది. పుట్టుకతో హెచ్ఐవీ సోకిన పిల్లల విషయంలో మరింత శ్రద్ధ కావాలి. ఈ వయసులో సమకూరని ఎముక బలం తర్వాత సమకూరదు.

దాతలు చేయగలిగినవి

1. బలం మాత్రల స్థానంలో రాగి పిండి, నువ్వులు, పప్పు, గుడ్లు, పిల్లలకు పాలు ఇవ్వవచ్చు. మాత్రలే ఇవ్వాలనుకుంటే ఏఆర్‌టీ కేంద్రం వైద్యుల ద్వారా ఇవ్వండి.

2. ప్రయాణ ఖర్చు భరించండి. బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి ఇవ్వగలిగితే ఎన్నో పరీక్షలు ఆగిపోకుండా జరుగుతాయి. డెక్సా పరీక్ష రాసినవారికి ఆ ఖర్చు కూడా.

3. వానలకు ముందే, జూన్‌లోనే, మారుమూల పల్లెలవారు తమ మందులను తగినన్ని రోజులకు తెచ్చుకునేలా గుర్తు చేసి సాయపడండి.

4. పడిపోకుండా చూడటమూ వైద్యమే. ముసలివారికి చేతికర్ర, జారని చెప్పులు, కళ్లద్దాలు, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, రాత్రి వెలుగు ఏర్పాటు చేయవచ్చు.

5. తుంటి విరిగినవారికి త్వరగా ఆపరేషన్ జరగాలి. హెచ్ఐవీ కారణంగా ఎవరైనా వైద్యం నిరాకరిస్తే అది చట్టవిరుద్ధం. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ వివక్షను నిషేధించింది. సందేహాలకు 1097 ఉచిత ఫోన్ నంబర్ ఉంది.

6. అర్హులైనవారికి ప్రభుత్వ పింఛను దరఖాస్తు రాయించండి.

7. అన్నింటికంటే ముఖ్యం, గుట్టు. అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవీ సంగతి బయటపెట్టడాన్ని అదే చట్టం తప్పుగా చూస్తుంది. పేర్ల జాబితా చదివి వేదిక మీద కిట్లు ఇవ్వడం, ఫొటోలు తీయడం వద్దు. ఆ ఒక్క ఫొటోతో ఊళ్లో కూలి దొరకకుండా పోవచ్చు, కూతురి సంబంధం తప్పిపోవచ్చు. "హెచ్ఐవీ రోగుల సాయం" అనే పేరుతో కాకుండా, అందరు పేదలకూ ఇచ్చే కిట్‌లోనే వీరిదీ కలిసిపోయేలా చూడాలి. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వాలన్న మన పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ మనుషులను ఇరవై ఏళ్లుగా బతికించుకుంటూ వచ్చింది ఒక మాత్ర. ఇకపై వారు తమ కాళ్ల మీద తాము నడిచి ఆసుపత్రికి, మసీదుకు, గుడికి, పొలానికి వెళ్లగలగడం ఎముకల మీద ఆధారపడి ఉంది. ఈ ఏడాది మీ దానంలో కొంత భాగాన్ని రాగి పిండికి, బస్సు చార్జీకి, ఒక చేతికర్రకు కేటాయించండి. మాత్రలు పంచేచోట ఆ 2 గంటలు – 6 గంటల మాట మాత్రం మరవకండి.