సరుకు లేని కొట్టు: నష్టం ఎక్కడికి పోతుంది?

ఆషాఢం రాగానే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బట్టల కొట్ల ముందు తగ్గింపు బోర్డులు వేలాడతాయి. పెళ్లిళ్లు లేని నెల అది. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే అరలు ఖాళీ కావాలి. ఎండాకాలం పెళ్లిళ్ల కోసం తెచ్చి మిగిలిపోయిన చీరలు అప్పుడు కొన్న ధరకో, అంతకన్నా తక్కువకో వెళ్లిపోతాయి. కొట్టు నడిపే ప్రతివారికీ తెలిసిన నష్టమే ఇది.

ఈ నష్టం లేని వ్యాపారం ఒకటుందని యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఊదరగొడుతున్నారు. దాని పేరు డ్రాప్‌షిప్పింగ్. సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లిలో ఇంట్లో కూర్చుని ఒక అమ్మాయి చీరల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెడుతుంది. విశాఖలో ఒకావిడ 799 రూపాయలకు ఆర్డర్ ఇస్తుంది. ఆ ఆర్డర్‌ని అమ్మాయి సూరత్‌లోని హోల్‌సేల్ వ్యాపారికి పంపుతుంది. ఆయన 450 తీసుకుని, అమ్మాయి పేరు మీదే పార్శిల్ కట్టి నేరుగా విశాఖకు పంపిస్తాడు. చీర మారేడ్‌పల్లి గడప తొక్కదు. అమ్మిన తర్వాతే కొనడం కాబట్టి పెట్టుబడి అక్కర్లేదని, మిగిలిపోయే సరుకు లేదు కాబట్టి నష్టమూ లేదని చెబుతారు.

మిగిలిపోయే చీర తాలూకు నష్టం నిజంగా మాయమైందా? మాయం కాకపోతే ఎవరి నెత్తిన పడింది? దీన్ని అంకెలతో తేల్చవచ్చు.

కొత్త పేరు, పాత పద్ధతి

కంటికి కనిపించని కొట్టు నుంచి కొనడం మనకు కొత్త కాదు. మన తపాలా శాఖ 1877లోనే వీపీపీ మొదలుపెట్టింది. పార్శిల్ ఇంటికి వస్తుంది, పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెడితే చేతికిస్తాడు, ఆ డబ్బు అమ్మినవారికి చేరుతుంది. తెలుగు పుస్తకాలెన్నో ఊళ్లకు ఇలాగే చేరాయి. ఇవాళ్టి క్యాష్ ఆన్ డెలివరీకి ఇదే పూర్వరూపం. తీసుకోకుండా తిప్పి పంపేవాళ్ల బెడద అప్పుడూ ఉంది.

ఇంటర్నెట్ కాలంలో 1999లో అమెరికాలో మొదలైన జాపోస్ అనే చెప్పుల సంస్థ తొలినాళ్లలో సరుకు పెట్టుకోకుండా తయారీదారుల చేతే పంపించింది. సరుకు తన చేతిలో లేకపోతే కొన్నవారికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కుదరడం లేదని 2003లో ఆ పద్ధతి వదిలేసి సొంత గోదాము మీద నిలబడింది. మన దేశంలో 2015లో విదిత్ ఆత్రే, సంజీవ్ బర్న్‌వాల్ స్థాపించిన మీషో ఈ పద్ధతిని వాట్సాప్ గ్రూపుల్లోకి తెచ్చింది. గృహిణులు చీరల ఫొటోలు పంచుకుని, తమ మార్జిన్ కలిపి అమ్మారు. కొన్నేళ్లకు అదే సంస్థ నేరుగా కొనుగోలుదారులకే అమ్మడం మీద దృష్టి పెట్టింది. మధ్యలో ఉన్న మనిషి స్థానం ఎంత పలచనో ఈ రెండు కథలూ చెబుతున్నాయి.

పేపర్లు అమ్మేవాడి లెక్క

ఎంత సరుకు తేవాలన్న ప్రశ్నకు గణితంలో ఒక ప్రసిద్ధ నమూనా ఉంది. పొద్దున్నే పేపర్లు కొని అమ్మేవాడు ఎన్ని కొనాలి? తక్కువ కొంటే వచ్చిన బేరం పోతుంది. ఎక్కువ కొంటే సాయంత్రానికి చిత్తు కాగితాలు మిగులుతాయి. బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలన్న రూపంలో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే దీన్ని చర్చించాడు.

జనరల్ బజార్ చీరకు దీన్ని అన్వయిద్దాం. చీర 600కు కొని 1,000కి అమ్ముతారు. మిగిలితే ఆషాఢంలో 450కి వదిలించుకోవాలి. ఒక చీర తక్కువ తెస్తే చేజారే లాభం 400. ఒకటి ఎక్కువ తెస్తే తగిలే నష్టం 150. చేజారే లాభాన్ని రెండింటి మొత్తమైన 550తో భాగిస్తే 0.73 వస్తుంది. అంటే నూటికి 73 సీజన్లలో గిరాకీకి సరిపోయేంత సరుకు తేవాలి. మిగతా 27 సీజన్లలో చాలకపోయినా, అంతకన్నా ఎక్కువ తెస్తే తగిలే నష్టమే సగటున ఎక్కువ. ఆషాఢం తగ్గింపు వ్యాపారి చేసిన పొరపాటు అనుకుంటాం గానీ, అది చాలావరకు ముందే లెక్క వేసుకున్న నష్టం.

డ్రాప్‌షిప్పింగ్ చేసే అమ్మాయికి ఈ లెక్కలో 150 బదులు సున్నా ఉంటుంది. ఎన్ని రకాలు చూపించినా మిగులుతుందన్న భయం లేదు. ఒక్క మనిషి నడిపే పేజీలో వేల డిజైన్లు కనిపించడానికి కారణం ఇదే.

పాతిక కొట్లు, ఒక గోదాము

మరి సూరత్ వ్యాపారి ఈ భారం ఎందుకు తలకెత్తుకుంటాడు? ఆయన దగ్గర ఆ భారం తేలికవుతుంది కాబట్టి.

ఒక డిజైన్‌ని పాతికమంది అమ్ముతున్నారనుకుందాం. ఒక్కొక్కరికి నెలకు సగటున 16 చీరలు పోతాయి. అయితే సగటు చుట్టూ ఊగిసలాట ఉంటుంది. యాదృచ్ఛికంగా వచ్చే ఆర్డర్లలో ఆ ఊగిసలాట సుమారుగా సగటుకు వర్గమూలమంత ఉంటుంది. 16కి వర్గమూలం 4. సరుకు అయిపోకుండా ఒక్కొక్కరూ దానికి రెట్టింపు, అంటే 8 చీరలు అదనంగా పెట్టుకోవాలి. పాతిక కొట్లలో కలిపి అదనపు చీరలు 200.

అదే సరుకు ఒక్క గోదాములో ఉంటే మొత్తం సగటు 400, దాని వర్గమూలం 20. అదనంగా కావలసినవి 40 చీరలే. ఒకరి దగ్గర తగ్గిన గిరాకీని మరొకరి దగ్గర పెరిగిన గిరాకీ సర్దేస్తుంది. అదనపు సరుకు అయిదో వంతుకు దిగింది. 25కి వర్గమూలం 5 కావడమే దీనికి మూలం. కాబట్టి నష్టం కొంత నిజంగానే తగ్గింది. మిగిలినది గోదాము యజమాని మీద పడింది. దానికి ప్రతిఫలంగా ఆయన విడి చీరకు టోకు ధర కన్నా ఎక్కువ వసూలు చేస్తాడు.

ఈ గణితానికి ఒక షరతు ఉంది. పాతికమంది గిరాకీలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగాలి. దసరాకో సంక్రాంతికో అందరి ఆర్డర్లూ ఒకేసారి ఎగుస్తాయి. ఒకే రీల్ చూసి అందరూ ఒకే చీర వెంట పడినా అంతే. అప్పుడు 40 చీరలు ఏ మూలకూ చాలవు. అమ్మాయి డబ్బు తీసుకున్నాక సూరత్ నుంచి ‘స్టాక్ లేదు’ అన్న మెసేజ్ వస్తుంది. మాట పోయేది మాత్రం మారేడ్‌పల్లిలో.

తిరిగొచ్చిన పార్శిల్

సరుకు నష్టం తప్పినచోట వేరే రెండు ఖర్చులు వచ్చి కూర్చుంటాయి: కొనేవాళ్లను వెతకడం, తిరిగొచ్చిన పార్శిళ్లు. పన్ను పక్కనపెట్టి, ఊహించిన అంకెలతో నూరు ఆర్డర్ల లెక్క చూద్దాం.

చీర 799, హోల్‌సేల్ వ్యాపారికి 450, కొరియర్ 70. ఫేస్‌బుక్ ప్రకటన మీద ఒక క్లిక్కుకు 3 రూపాయలై, 40 మందిలో ఒకరు కొంటే ఒక ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు 120. నూరూ అందితే 15,900 రూపాయలు మిగులుతాయి. క్యాష్ ఆన్ డెలివరీలో పాతికమంది ‘వద్దు’ అన్నారనుకోండి. ప్రతి తిరుగు పార్శిల్‌కూ రావలసిన 349 పోయి, పైగా వెనక్కి తేవడానికి 60 అవుతుంది. మొత్తం 409. లాభం 5,675కు పడిపోతుంది. 39 తిరిగొస్తే నష్టమే. తిరిగొచ్చిన చీరను హోల్‌సేల్ వ్యాపారి తీసుకోనంటే 19 చాలు, చేతి డబ్బు పడుతుంది.

అంటే పెట్టుబడి అక్కర్లేదన్న మాట నిలవదు. అరలో పెట్టే డబ్బు ప్రకటనల్లోకి, కొరియర్ బిల్లుల్లోకి మారింది. చీర మిగిలితే ఆషాఢంలోనైనా 450 వస్తుంది. పేలని ప్రకటన నుంచి రూపాయి కూడా వెనక్కి రాదు.

ప్రకటన పేలిందో లేదో తేల్చడానికీ ఒక గణిత సూత్రం ఉంది. నూరు క్లిక్కులకు ఒక్క ఆర్డరూ రాకపోతే చాలామంది ఆ వస్తువును వదిలేస్తారు. కానీ నిజంగా నూటికి రెండున్నర మంది కొనే వస్తువుకు కూడా నూరు క్లిక్కుల్లో సున్నా వచ్చే అవకాశం సుమారు 8 శాతం. సూత్రం సులువు: ప్రయత్నాల సంఖ్యతో 3ను భాగించండి. నూరు క్లిక్కులకు సున్నా వస్తే కొనేవాళ్లు 3 శాతం దాకా ఉండవచ్చు. 300 క్లిక్కులకూ సున్నా వస్తే వాళ్లు ఒక్క శాతం మించరని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. ఒక వస్తువును పరీక్షించడానికి మన అంకెల్లో 900 రూపాయలు పక్కన పెట్టుకోవాలన్నమాట.

పార్శిల్ ఒకటి, బిల్లులు రెండు

చట్టం దృష్టిలో చీర ప్రయాణం వేరు. సూరత్ నుంచి విశాఖకు వెళ్లింది ఒకే పార్శిల్ అయినా అమ్మకాలు రెండు: సూరత్ నుంచి సికింద్రాబాద్‌కు ఒకటి, సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఇంకొకటి. మూడో వ్యక్తి చెప్పినచోటికి సరుకు పంపితే, ఆ సరుకు ఆ మూడో వ్యక్తికే అందినట్టు భావించాలని ఐజీఎస్టీ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ ఆ మూడో వ్యక్తి అమ్మాయే కాబట్టి మొదటి బిల్లు తెలంగాణ చిరునామాకు రావాలి. రెండో బిల్లు అమ్మాయి ఇవ్వాలి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే, కొన్ని హస్తకళల మినహాయింపులు తప్ప, అమ్మకాలు ఎంత చిన్నవైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి.

2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువును, చూపించినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ‘సరుకు నాది కాదు, సూరత్‌ది’ అన్న జవాబు ఇక్కడ చెల్లదు.

చైనా నుంచి నేరుగా కొనేవారికి పార్శిళ్లు పంపించమని విదేశీ వీడియోల్లో చెప్పే కిటుకు కూడా మనకు పనికిరాదు. బహుమతుల పేరుతో పార్శిళ్లు తెప్పించుకునే దారిని 2019 డిసెంబర్‌లో దాదాపు మూసేశారు. చైనా సరుకు అమ్మే అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను 2020 నవంబర్‌లో నిషేధించారు. అమెరికా కూడా 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025లో ఎత్తేసింది.

ఊళ్లో ఉన్న గోదాము

మళ్లీ నూరు ఆర్డర్ల లెక్కకు వస్తే, ఆ అంకెల్లో కొత్తగా మొదలుపెట్టేవారి చేతిలో ఉన్నది ఏది? హోల్‌సేల్ ధర కాదు, ప్రకటన ధరా కాదు. తిరిగొచ్చే పార్శిళ్ల సంఖ్య కొంతవరకు ఉంది. పాతిక తిరుగు పార్శిళ్లను పదిహేనుకు తగ్గించగలిగితే లాభం 5,675 నుంచి 9,765కు ఎక్కుతుంది. చీర ధర ఒక్క రూపాయి పెంచకుండానే.

ఫొటోలో రంగు ఒకటి, చేతికొచ్చాక మరొకటి అయితే పార్శిల్ తిరిగొస్తుంది. పన్నా తగ్గినా, బట్ట పలచగా ఉన్నా అంతే. సూరత్ చీరను తాకి చూడటం కష్టం. సికింద్రాబాద్‌లో ఉన్నవారికి జనరల్ బజార్ బట్టలు, రాణీగంజ్ హార్డ్‌వేర్, పార్క్‌లేన్ కంప్యూటర్ విడిభాగాలు ఒక పూటలో చూసి రాగల దూరంలో ఉన్నాయి. అక్కడి వ్యాపారితో తిరుగు సరుకు తీసుకోవడం గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు, కాగితం రాసుకోవచ్చు. వస్తువును తూచి, కొలిచి, పగటి వెలుగులో సొంత ఫొటో తీసుకోవచ్చు. ప్యాకింగ్ ఎలా ఉందో కళ్లారా చూడవచ్చు.

సరుకును ఒకచోట చేర్చడం వల్ల వచ్చే లాభం గోదాము ఉన్నవారిది. అమ్మేవారికి దక్కేది, ఆ వస్తువు గురించి కొనేవారికన్నా తమకు ఎంత ఎక్కువ తెలుసో దానికి తగినంత మాత్రమే. అందుకే మొదటి నెల వెయ్యి డిజైన్లు పెట్టడం కన్నా స్వయంగా చూసిన పది వస్తువులు పెట్టి, ఎన్ని తిరిగొచ్చాయో, ఎందుకొచ్చాయో ఒక పుస్తకంలో రాసుకోవడం మేలు. రెండో నెల ఏ వస్తువు ఉంచాలో, ఏది తీసేయాలో ఆ పుస్తకమే తేలుస్తుంది.