పెద్ద కారు కొంటున్నారా? ఇంజిన్ సంగతి మీరూ అడగండి

కారు రంగు, సీటు కవర్ల దాకా ఇల్లాలి మాట చెల్లుతుంది. ఇంజిన్ మాట రాగానే "బండి సంగతి నీకేం ఎరుక?" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ ఆ ఇంజిన్ తాగే పెట్రోలు డబ్బు పాల బిల్లు, పిల్లల ఫీజులతో పాటు ప్రతినెలా ఇంటి ఖర్చులోంచే పోతుంది కదా! ఇప్పుడు హన్మకొండ, వరంగల్ రోడ్ల మీద ఖరీదైన సెడాన్ కార్లు కొత్తేం కాదు. అన్ని లక్షలు పోసేటప్పుడు నాలుగు ప్రశ్నలు మనమూ అడగాలి.

సగటు మార్కుల లెక్క

ఇంధనం పొదుపుగా వాడే కార్లే తయారు చేయాలని మన దేశంలోనూ ఒక నియమం ఉంది. దాన్ని 'కేఫ్' అంటారు. టీ కొట్టు అనుకునేరు! కార్పొరేట్ యావరేజ్ ఫ్యుయల్ ఎకానమీకి అది పొట్టి పేరు. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975లో అమెరికా ఇలాంటి చట్టం చేసింది. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి అమలైంది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకు 130 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదలకూడదన్నారు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 113 గ్రాములకు తగ్గించారు. పెట్రోలు లెక్కలో చెప్పాలంటే లీటరుకు దాదాపు 18 కిలోమీటర్ల నుంచి 21 కిలోమీటర్లకు పెరగాలన్నమాట. కంపెనీ కార్ల సగటు బరువును బట్టి ఈ హద్దు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

అసలు కిటుకు 'సగటు' అన్న మాటలోనే ఉంది. క్లాసు సగటు బాగున్నంత మాత్రాన మన పిల్లాడు పాసైనట్టు కాదు. చిన్న కార్లు ఎక్కువగా అమ్మే కంపెనీ, వాటి చాటున పెట్రోలు తాగే పెద్ద కారునూ అమ్ముకోవచ్చు. 'మా కార్లన్నీ ప్రభుత్వ నిబంధనల ప్రకారమే' అన్న మాట నిజమే కావచ్చు. మీ జేబుకు మాత్రం అది హామీ కాదు.

ఇంజిన్లు ఎందుకు చిక్కిపోయాయి?

పావుకిలో పప్పు ఉడకడానికి పెద్ద బర్నర్ వెలిగిస్తే గ్యాసు వృథా. ఊళ్లో మెల్లగా తిరిగే కారుకు పెద్ద ఇంజిన్ కూడా అంతే. అందుకే కంపెనీలు ఇంజిన్‌ను చిన్నది చేసి టర్బో తగిలిస్తున్నాయి. కట్టెల పొయ్యిలోకి గొట్టంతో ఊదితే మంట ఎగసినట్టు, టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచుతుంది. 2022లో మన దేశానికి వచ్చిన మెర్సిడెస్ సి-క్లాస్ పెట్రోలు కారులో ఉన్నది ఒకటిన్నర లీటరు ఇంజినే. హోండా సిటీ ఇంజినూ ఇంచుమించు అంతే!

రెండో దారి హైబ్రిడ్. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచి, సిగ్నళ్ల దగ్గర ఇంజిన్‌కు విశ్రాంతినిస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ది రెండున్నర లీటర్ల ఇంజిన్. అయినా లీటరుకు 25.49 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ చెప్పింది.

ఇక డీజిల్. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీలు ఇక్కడ డీజిల్ కార్లు మానేశాయి. పొగను శుభ్రం చేసే పరికరాల ఖర్చు అంత పెరిగింది మరి.

ఎవరికి ఏది?

నెలకు నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చే కుటుంబానికి డీజిల్ ఇప్పటికీ కలిసిరావచ్చు. కానీ నయీంనగర్ నుంచి ఎంజీఎం దాకా తిరిగే బండి అయితే డీజిల్ వద్దు. దాని పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఒకే వేగంతో సాగాలి. లేకపోతే మసి పేరుకుని మెకానిక్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఊళ్లో ఎక్కువగా తిరిగేవాళ్లకు హైబ్రిడ్ బాగా ఆదా చేస్తుంది.

అయితే లెక్క వేయకుండా దిగకండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 12 ఇచ్చే కారుకు వెయ్యి లీటర్లు కావాలి. 20 ఇచ్చేదానికి 600 చాలు. లీటరు వంద రూపాయలనుకున్నా ఏడాదికి 40 వేలు మిగులుతాయి. గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ కూడా తొమ్మిది వందల కిలోలకు పైగా తగ్గుతుంది. కానీ ఆ కారుకు మూడు లక్షలు ఎక్కువ పెట్టామనుకోండి, అవి తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. నాలుగేళ్లకో బండి మార్చే ఇంట్లో అది బేరం కాదు.

షోరూంలో అడగండి

- మీరు చెప్పే మైలేజీ పరీక్షలోదా, రోడ్డు మీదదా? ఆ అంకెలు ఇన్నాళ్లూ రోలర్ల మీద, ఏసీ ఆపి చేసిన పరీక్షల్లోవి. మన ఎండల్లో ఏసీ లేకుండా ఎవరు తిరుగుతారు?
- 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఈ ఇంజిన్ తయారైందా? అందుకు తయారు కాని పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది.
- హైబ్రిడ్ అయితే బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు? సర్వీసింగ్ మన ఊళ్లోనే చేస్తారా, హైదరాబాద్ వెళ్లాలా?

బండి ఇంటికొచ్చాక ట్యాంకు నిండా పోయించి మీటరు చూసి రాసుకోండి. మళ్లీ నిండుగా పోయించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. పాల లెక్క, గ్యాసు సిలిండర్ తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే ఈ అంకె కూడా వేయండి. మూడు నెలలు తిరిగేసరికి బండి సంగతి ఇంట్లో అందరికంటే మీకే ఎక్కువ ఎరుకవుతుంది!