యంత్రరచిత ప్రకటనలు – మనుష్యుని పలుకు

వ్యాపార ప్రకటనల భాష తెలుగుశాఖవారి పరిశోధన పత్రికలో చర్చింపదగిన విషయమా యని కొందఱు శంకింపవచ్చును. శాసనముల భాషను, జానపదుల పాటలను, వృత్తిపదములను పరిశీలించిన మనము దినదినము లక్షలాది జనుల కంటబడు వాక్యములను విడిచిపెట్టుటకు కారణము కానరాదు. అందును 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన పిదప ఈ వాక్యములలో పెక్కింటిని మనుష్యుడు వ్రాయుట మాని యంత్రముచేత వ్రాయించుచున్నాడు. దుకాణదారు కోరినంతనే అరనిమిషములో పది ప్రకటనలు సిద్ధమగును. అవి తెలుగే; అక్షరదోషములును తక్కువే. ఐనను చదువరి వానిని చూచి 'ఇది ఎవరో చెప్పిన మాట కాదు' అని తోచి దాటిపోవును. ఇట్లేల జరుగుచున్నదో, సవరించు త్రోవ యేదో విచారింపవలెనని మా యుద్దేశము.

మా పూర్వవిద్యార్థి యొకడు చీరల దుకాణమున పనిచేయుచు, పోచంపల్లి చీరలను గూర్చి యంత్రముచేత వ్రాయించిన ప్రకటన నొకదానిని మాకు చూపెను. అది యిట్లున్నది: "సంప్రదాయం ఆధునికతను కలిసే చోటుకు స్వాగతం! ఇది కేవలం చీర కాదు, ఇది ఒక అనుభూతి. ప్రేమతో, నైపుణ్యంతో, అంకితభావంతో తయారుచేయబడిన మా చీరలు మీ అందాన్ని కొత్త ఎత్తులకు తీసుకువెళతాయి. ఈ రోజే మీ ప్రయాణాన్ని ప్రారంభించండి!"

ఇందు వ్యాకరణదోషము చూపుట కష్టము. కాని 'చీర' యను మాట తీసి 'చెప్పు' అని పెట్టినను, 'గోడరంగు' అని పెట్టినను ఈ వాక్యములు చెక్కుచెదరవు. (చెప్పులకైనచో 'కొత్త ఎత్తులు' అనుట ఇంకను బాగుగా నతుకును.) ప్రకటన యనగా అతిశయోక్తియే కదా, దానిని పట్టించుకొన నేల యని అడుగువారు గలరు. మన యాలంకారికులు అతిశయోక్తిని దోషముగా నెంచలేదు, అలంకారముగా నెంచిరి. అయితే అతిశయింపజేయుటకు ముందొక వస్తువుండవలెను. మేడ మిన్ను ముట్టుచున్నదన్నచో ముందు మేడ గలదు. పై ప్రకటనలో వస్తువే లేదు. కావున దానిని అతిశయోక్తి యనుటకును వీలులేదు.

దీనికి హేతువు యంత్రము పనిచేయు తీరులోనే యున్నది. నేటి భాషాయంత్రములలో పెక్కు 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'ట్రాన్స్‌ఫార్మర్' అను నిర్మాణముపై ఆధారపడినవి. అవి అపారమైన లిఖితసామగ్రిని చదివి, ముందున్న తునుకలను బట్టి తరువాత రాదగిన తునుక యేదో సంభావ్యత ననుసరించి నిర్ణయించును. ఆ మీద, పరీక్షకులు మెచ్చిన సమాధానముల వైపు మొగ్గునట్లు వానికి మఱల శిక్షణ ఇత్తురు. ప్రకటన వ్రాయుమన్నచో లోకములోని ప్రకటనలలో మిక్కిలి తఱచుగా వచ్చు మాటయే ముందుగా వచ్చును. అది ఎవరికిని వెగటు కాదు. ఎవరి సొంతమును కాదు. తెలుగునకు మఱొక చిక్కు గలదు. యంత్రము చదివినదానిలో ఇంగ్లీషు పాలు హెచ్చు, తెలుగు పాలు మిక్కిలి తక్కువ. అందుచేత తెలుగు పదములు ధరించిన ఇంగ్లీషు వాక్యములు పుట్టుచుండును. 'కలిసే చోటు', 'కొత్త ఎత్తులు', 'మీ ప్రయాణం' అట్టివే. చీర కొనుటకు బజారునకు పోవుదుము గాని, చీర కొనుటయే ప్రయాణమని తెలుగువారెవ్వరు ననుకొనరు.

ఐతే నింద యంతయు యంత్రముపై మోపుట న్యాయము కాదు. యంత్రము రాకకు దశాబ్దములకు ముందే దేశవ్యాప్తముగా అమ్మకమగు సరకుల ప్రకటనలు ఇంగ్లీషులోనో హిందీలోనో పుట్టి అనువాదమై మనకు చేరుచుండెను. యంత్రము తెలుగు ప్రకటనభాష యని నేర్చినదానిలో ఆ యనువాదముల పాలును గలదు. మనము పెట్టిన కూడే అది మనకు వడ్డించుచున్నది.

భాషాశాస్త్రదృష్టితో చూచినచో ఈ రచనలలో వక్త యెవ్వడో, శ్రోత యెవ్వడో తెలియకపోవుటయే మూలదోషమని మా యభిప్రాయము. తెలుగు ఈ విషయమున మిక్కిలి పట్టుదల గల భాష. ఇంగ్లీషులో ఉత్తమపురుష బహువచనము ఒక్కటే. మనకు 'మేము' వేఱు, 'మనము' వేఱు. వినువానిని కలుపుకొన్నచో మనము, కలుపుకొననిచో మేము. ఒక యంత్రరచనలో "మనం మీకు స్వచ్ఛమైన పట్టును అందిస్తున్నాం" అని చూచితిమి. 'మనం' అని చేయి చాచి పిలిచి, వెంటనే 'మీకు' అని ఆవలకు నెట్టినట్లైనది. పల్లెలో అక్షరము రాని వ్యాపారి సైతము ఈ తప్పు చేయడు. అట్లే 'మీ' యను మాట. ఇంగ్లీషున అవయవముల పేర్లకు స్వామిని చెప్పుట వాడుక గనుక "మీ జుట్టుకు మీ చేతులతో" అని వచ్చును. తెలుగున "తలకు నూనె రాసుకోండి" అన్నచో ఎవరి తల యను సందేహము లేదు. 'కొను' అను ధాతువే ఆ పని చేయుచున్నది. 'తయారుచేయబడిన' అను కర్మణిప్రయోగము సంగతి చెప్పనక్కరలేదు. నేసినవా డొకడుండగా వానిని వాక్యమునుండి తొలగించుటకే అది యక్కఱకు వచ్చును.

అంతకంటె సూక్ష్మమైనది వాక్యాంతమున వచ్చు చిన్న ప్రత్యయముల సంగతి. చీర అమ్మువాడు "రంగు పోదు" అన్నచో తా నెఱిగి పూచీ పడుచున్నాడు. "రంగు పోదట" అన్నచో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ మాటకు తాను బాధ్యుడు కాడు. "రంగు పోదు లెండి" అన్నచో కొనువారి శంకను గుర్తించి ఊరడించుచున్నాడు. "మొన్న మీరు తీసుకెళ్ళింది పోలేదు కదా" అన్నచో శ్రోత యనుభవమునే సాక్ష్యముగా తెచ్చుచున్నాడు. అట, లెండి, కదా, మరి, సుమా – వీనికి నిఘంటువులో అర్థము చెప్పుట కష్టము; కాని చెప్పువానికిని చెప్పబడుదానికిని గల సంబంధమంతయు వీనియందే యున్నది. మేము పరిశీలించిన యంత్రప్రకటనలలో ఇవి మిక్కిలి అరుదు. అది వింత కాదు. ఎఱిగి చెప్పుట, విని చెప్పుట అను భేదము అనుభవము గలవానికే గాని, అన్నియు చదివియే నేర్చినదానికి లేదు. దానికి సమస్తమును 'అట'యే. కాని అది ఎన్నడును 'అట' అనదు.

ఇచట ఒక ఆక్షేపణకు తావు గలదు. యంత్రము గనుకనే మాట నిర్జీవమగుచున్నదన్నచో, మన వీధులలో తిరుగు బండ్ల సంగతి యేమి? పాత ఇనుపసామాను కొనువారు, ఉల్లిపాయలు అమ్మువారు నేడు గొంతెత్తి అరచుట మానిరి. ఒకమాఱు పలికి పట్టియుంచిన కేకనే మైకులో దినమంతయు మ్రోగింతురు. పలుకుచున్నది యంత్రమే. ఐనను ఆ 'అమ్మా', ఆ సాగదీత, ఊపిరికై ఆగిన చోటు వినువారికి ఒక మనుష్యుని పోల్చి చూపును. ఏలయన తన సరకును, తన వీధిని ఎఱిగిన వాడొకడు దానిని మొదట పలికినాడు. యంత్రము మోసికొని వచ్చుచున్నది, అంతియే.

కొందఱు ఈ లోపమును పూడ్చుటకు యంత్రమును 'యాసలో వ్రాయుము' అని కోరుదురు. ఫలితము చూడవలసినదే. ఒక్క వాక్యములో 'మంచిగుంటది' అను తెలంగాణ మాటయు, 'ఆయ్' అను గోదావరి మాటయు చేయి చేయి పట్టుకొని నడచును. అక్కా, వదినా యను వరుసలు ఎవరు ఎవరిని పిలుచుచున్నారో తెలియకుండ రాలుచుండును. ఇది మాండలికము కాదు. చలనచిత్రములలో నవ్వు పుట్టించుటకు వాడిన యాస.

ఇంతవఱకు చెప్పినది వినికిడికి సంబంధించినది. మేము వ్రాయ బూనుటకు అసలు కారణము వేఱు. పైన చెప్పిన విద్యార్థి మఱునాడు రెండవ ప్రకటన తెచ్చెను. 'ఇంకను మానవీయముగా, హృదయమునకు తాకునట్లు వ్రాయుము' అని యంత్రమును కోరెనట. ఈ సారి అది నిజముగా బాగున్నది. "మా నాయనమ్మ మగ్గం చప్పుడు వింటూ పెరిగాం. ఆమె వేళ్ళు నేర్పిన పనే ఈ చీర" అని మొదలైనది. మీ 'ట' ప్రసంగమునకు ఇది సమాధానమా యన్నట్లు వాడు మా వైపు చూచెను. మేము మెచ్చుకొంటిమి కూడ. పిదప, 'మీ యజమాని నేతవారి బిడ్డయా?' యని యడిగితిమి. కాడు, వారు మూడు తరములుగా వ్యాపారులు. నాయనమ్మ మగ్గమును ముట్టి యెఱుగదు. యంత్రము ఆమెకు మగ్గము కల్పించి యిచ్చినది!

మనుష్యుని వలె వినబడుట యొకటి, ప్రమాణమైనది యగుట మఱొకటి యని ఆనాడు మాకు స్పష్టమైనది. మొదటి ప్రకటన నిర్జీవము గాని దానిలో అబద్ధ మాడుటకైనను విషయము లేదు. రెండవదానిలో జీవము వచ్చినది. దానితోపాటే అబద్ధమును వచ్చినది. చదువరి కరిగి కొనునదియు ఆ యబద్ధమునకే. 2019 వినియోగదారుల సంరక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలకు పది లక్షల వఱకును, మఱల చేసినచో ఏబది లక్షల వఱకును జరిమానా విధింపవచ్చునన్నది. 2022 జూనులో వెలువడిన కేంద్ర మార్గదర్శకములు, వస్తువును మెచ్చుచు ఎవరైనను చెప్పు మాట వారి నిజమైన అభిప్రాయమై, తగిన యెఱుకపైగాని అనుభవముపైగాని ఆధారపడి యుండవలెననుచున్నవి. లేని నాయనమ్మకు అనుభవ మెక్కడిది?

యంత్రము వ్రాసినదని తెలియకుండ దాచుటకు పాట్లు పడువారును గలరు. కావలెనని అక్షరదోషములు చేర్తురు, వాక్యములు విఱుతురు. ఇది వృథాశ్రమ. యంత్రరచనను కనిపెట్టుటకు ఓపెన్ ఏఐ సంస్థయే 2023 జనవరిలో తెచ్చిన సాధనమును, సరిగా గుర్తింపజాలకున్నదని ఆ జులైలో ఉపసంహరించుకొన్నది. ఎవరు వ్రాసిరను ప్రశ్నకు తీర్పరి దొరకుట కష్టము. వ్రాసినది నిజమా యను ప్రశ్నకు మాత్రము సులభముగా దొరకును. చీరను తిరగవేసి చూచిన చాలును.

ఈ చివరి మాట మాది కాదు, ఒక నేతగానిది. విద్యార్థిని నేసినవారి వద్దకే పోయి అడిగి రమ్మని పంపితిమి. పోవునపుడు 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము చేనేత సంపుటమును చూచుకొని పొమ్మంటిమి. పడుగు, పేక, పోగు, ఆసు అను మాటలు తెలియనివానికి ఆ యింట ఎవరును మనసిచ్చి చెప్పరు. వాడు తెచ్చిన సంగతు లివి. పోచంపల్లి పనిలో గుడ్డ నేసిన పిదప బొమ్మ వేయుట కాదు. దారమును ఆసుపై పోసి, నమూనా ననుసరించి అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మఱల కట్టి, మఱల ముంచి, ఆ పిదప నేయుదురు. అందుచేత రంగు రెండు వైపుల ఒకటే. అచ్చువేసిన నకలు చీరలో సాధారణముగా వెనుక వైపు వెలవెలబోవును. కట్టిన చోట రంగు కొంత లోనికి పాకును గనుక పువ్వు అంచు చెదిరినట్లుండును. ఇక ఆసు పోయుట. ఒక్కొక్క చీరకు చేతిని వేల మాఱులు త్రిప్పవలెను. ఆ పని స్త్రీలది. తల్లి భుజము నొప్పిని చూచి ఓర్వలేక చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును కనిపెట్టినది, 2017లో పద్మశ్రీ పొందినది లోక మెఱిగిన విషయమే. యంత్రముచేత నాయనమ్మను కల్పింపజేయుట కేమి యవసరము? నిజమైన తల్లి, నిజమైన నొప్పి ఆ చీరలయందే యున్నవి.

వస్తువును పరీక్షించి చూడుమని కొనువాని చేతికే ఇచ్చుట మన వ్యాపారములో కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించినపుడు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచెనని ప్రసిద్ధి. తలనొప్పి గలవాని నుదురే ఆ ప్రకటనకు సాక్షి.

విద్యార్థి తెచ్చిన సంగతులను మాత్రమే యంత్రమునకిచ్చి, 'వీనిలో లేనిది చేర్పవలదు. దుకాణములో నిలుచున్న అమ్మగారితో మాటలాడునట్లు చిన్న వాక్యములలో వ్రాయుము' అని కోరితిమి. అది నాలుగు పాఠము లిచ్చినది. వీనిని మేము బిగ్గరగా చదివి, నోరు తడబడిన చోటులను కొట్టివేసి, రెండింటిని కలిపితిమి. వేగముగా పెక్కు రూపములు చూపుటలో యంత్రము మాకంటె నేర్పరి యని ఒప్పుకొనవలెను. చివరకు మిగిలినది ఇది:

"చీర తిరగేసి చూడండమ్మా. రెండు వైపులా ఒకటే రంగు. ఇది గుడ్డ మీద అచ్చు వేసింది కాదు, నేయకముందే పోగులకు అద్దింది. పువ్వు అంచు చెదిరినట్టుంటుంది, చేత్తో కట్టి అద్దితే అట్లాగే వస్తుంది. మేం నేసేవాళ్ళం కాదు, అమ్మేవాళ్ళం. నేసినవాళ్ళ పేరు చీరతో పాటు చీటీ మీద ఉంటుంది. మొదటిసారి విడిగా చన్నీళ్ళలో ఉతకండి, రంగు దిగుతుంది."

యజమాని అన్నింటికి నొప్పుకొనెను గాని చివరి మాట తీసివేయుమనెను. రంగు దిగుననిన ఎవరు కొందురని వారి ప్రశ్న. రెండు దినములు వాదము జరిగెను. తుదకు 'కొంచెం దిగుతుంది' అని మార్చినచో ఉంచవచ్చుననిరి. ఆ 'కొంచెం' నిజమా కాదా తేల్చుటకు మేము అర్హులము కాము గనుక, నేతగానినే అడిగి రమ్మంటిమి. "కొంచెమే, ఆ ఒక్కసారే" అని యాతడు చెప్పెను. అట్లే అచ్చైనది.