కిరణ చికిత్స – ప్రేగు వాపు

రోలుగుంట ప్రాంతపు స్త్రీ యొకతె విశాఖపట్నములో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు కిరణ చికిత్స పొంది వచ్చినదనుకొందము. ఏడాది గడచిన పిమ్మట ఆమెకు మలముతో నెత్తురు పడినది. ఇరుగుపొరుగువారు మొలలనిరి. పాత జబ్బు తిరుగబెట్టినదేమోయని ఆమెకు దిగులు. ఈ రెండును గాక మూడవ కారణ మొకటి ఉండవచ్చును. అది కిరణముల వలన కలిగిన ప్రేగు వాపు.

రంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణములను కనుగొనెను. అవి ప్రేగులకు హాని చేయునని 1897లోనే వాల్ష్ అను వైద్యుడు తెలియజేసెను.

త్వరత్వరగా విభజన చెందు కణములకు ఈ కిరణముల దెబ్బ ఎక్కువగా తగులును. క్యాన్సరు కణములు అట్టివి గనుకనే చికిత్స ఫలించును. కాని చిన్నప్రేగు లోపలి పొర కూడ కొద్ది రోజులలోనే పాతది రాలి కొత్తది ఏర్పడుచుండును. నారుమడి మాడిపోయిన పొలమునకు నాట్లెట్లుండును? అట్లే కొత్త కణములు పుట్టక పొర పలుచనగును. నీరును, ఆహారమును సరిగా ఇంకవు.

కావున చికిత్స మొదలైన రెండు మూడు వారములకు విరేచనములు, కడుపునొప్పి, వికారము కలుగవచ్చును. మిగిలిన కణములు తేరుకొనును గనుక, చికిత్స ముగిసిన కొన్ని వారములకు ఇవి సాధారణముగా తగ్గును. వీటికి భయపడి చికిత్సను తమంతట తాము మానరాదు. మధ్యలో ఆపిన క్యాన్సరుకే మేలు. వైద్యునితో చెప్పవలెను.

రెండవ రకము నెలలకో, ఏండ్లకో బయటపడును. దీనికి కారణము వేరు. సన్నని రక్తనాళములు పూడుకొని ప్రేగు గోడ గట్టిపడును. కొత్తగా పుట్టిన పెళుసు నాళములు చిట్లి నెత్తురు కారును. గర్భాశయ ముఖద్వారమునకు వెనుకనే పురీషనాళ మున్నది గనుక దానికి ఈ బాధ ఎక్కువ. నెత్తురు, జిగురు, మాటిమాటికి దొడ్డికి పోవలెననిపించుట దీని గుర్తులు. చిన్నప్రేగు ఇరుకైనచో భోజనానంతరము మెలిపెట్టు నొప్పి, ఉబ్బరము, వాంతులు కలుగును. మలము, వాయువు బంధించి వాంతులైనను, నెత్తురు ఎక్కువగా పోయినను వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

నెత్తురు పడిన ప్రతివారికి కారణ మిదేయని తలచరాదు; వైద్యుడు గొట్టముతో లోపల చూచి నిర్ణయించును. అయితే పూర్వపు చికిత్స సంగతి ఆయనకు ముందుగా చెప్పవలెను. కిరణములు తగిలిన చోట గాయము త్వరగా మానదు. తెలియక పరీక్షకై అచ్చటి ముక్క తీసినచో పుండు మిగులవచ్చును, రంధ్రమే పడవచ్చును.

అనకాపల్లి జిల్లావారికి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. ఎచ్చట చికిత్స పొందినను, ఎన్ని గ్రేల కిరణము, ఏ తేదీలలో ఇచ్చిరో తెలుపు కాగితమును పొలము పట్టాతో సమానముగా దాచుకొనవలెను. ఇంట చదువుకొన్న విద్యార్థి ఉన్నచో ఈ పని అతనిదే.