1695 మిల్లీమీటర్ల కథ

కారు డిజైన్ చేయమంటే మనం ముందు బొమ్మ గీస్తాం. జపాన్‌లో మాత్రం ముందు టేపు పట్టుకోవాలి. అక్కడ పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 2000 సీసీ. వీటిలో ఏ ఒక్కటి దాటినా బండి చిన్న కార్ల తరగతి నుంచి పెద్ద కార్ల తరగతిలోకి వెళ్లిపోతుంది. మన దేశంలో 4 మీటర్ల పన్ను రూలు కోసం డిజైర్ డిక్కీ కుదించుకుని 3995 మి.మీ. దగ్గర ఆగింది కదా, ఇదీ అలాంటి లెక్కే.

2000 అక్టోబరులో హోండా ఈ గీతల లోపలే 'స్ట్రీమ్' తెచ్చింది. సివిక్ ప్లాట్‌ఫామ్, మూడు వరుసలు, ఏడు సీట్లు. వ్యాన్‌లా డబ్బా ఆకారం కాదు, కాస్త పొడుగు సాగిన కారులా ఉంటుంది. పొడవు 4550, వెడల్పు 1695, ఎత్తు 1590 మి.మీ.

2003 జనవరిలో టొయోటా 'విష్' వచ్చింది. కొలతలు? 4550, 1695, 1590! మన ల్యాబ్ రికార్డుల్లో కూడా ఇంత మ్యాచింగ్ కనబడదు. వెడల్పు కలిసిందంటే రూలు వల్ల అనుకోవచ్చు. కానీ పొడవులో ఇంకా 150 మి.మీ., ఎత్తులో 410 మి.మీ. ఖాళీ ఉంది. అవి కూడా కలవడం యాదృచ్ఛికం అంటే నమ్మడం కష్టం. తేడా చక్రాల మధ్య దూరంలో ఉంది: స్ట్రీమ్‌కి 2720, విష్‌కి 2750. అమ్మకాల్లో విష్ దూసుకుపోయింది.

2006లో హోండా రెండో తరం స్ట్రీమ్ ఎత్తుని 1545కి దించింది. ఎందుకంటే, జపాన్ నగరాల్లో కార్లను లిఫ్టుతో అరల్లో పేర్చే పార్కింగులు చాలావాటిలో హద్దు 1550. ఐదు మిల్లీమీటర్ల తేడాతో ఏడు సీట్ల బండి అరలో పట్టేసింది. మంచి ఇంజనీరింగే!

అయినా స్ట్రీమ్ 2014లో, విష్ 2017లో ఆగిపోయాయి. ఒకదాన్ని ఇంకోటి చంపలేదు. రెండింటి వెనక తలుపులూ మామూలు కారు తలుపుల్లా బయటికి తెరుచుకునేవే. ఇరుకు పార్కింగులో చంటిబిడ్డని ఎత్తుకుని ఎక్కే అమ్మకి పక్కకి జరిగే తలుపు కావాలి. హోండానే 2008లో తెచ్చిన 'ఫ్రీడ్' పొడవు 4215 మి.మీ. మాత్రమే, కానీ మూడు వరుసలు, జరిగే తలుపులు రెండూ ఉన్నాయి. కుటుంబాలు అటు తిరిగాయి.

పోటీవాడి కొలతలు టేపుతో దొరికిపోతాయి. బండి ఎక్కేవాళ్ల ఇబ్బంది తెలియాలంటే, పార్కింగ్‌లో కాసేపు నిలబడి చూడాల్సిందే.