బోరు బండిని పిలిచే ముందు నేల పాఠం చదవండి

మెట్ట రైతుకు అక్కరకొచ్చే నాలుగు మాటలు

మాఘం దాటిందంటే మన మెట్టలో బోరు బండ్ల చప్పుడు మొదలవుతుంది. మిరప కాపు మీద ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లొస్తాయో రావో గట్టిగా చెప్పేవాడు ఉండడు. ఇక మిగిలింది బోరే. "ఇంకో యాభై అడుగులు పోదాం" అంటాడు బండి మేస్త్రి. మీరు తలూపుతారు. అడుగు అడుగుకీ ఖర్చు పెరుగుద్ది. చివరికి నీళ్లకు బదులు రాతి పిండి లేస్తుంది. నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో ఈ అనుభవం లేని ఊరుందా?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మాకున్నది మూడెకరాలు. నేను ఇంటర్ పాసయిన కొత్తలో మా నాన్న అందులో మూడు బోర్లు వేయించారు. మొదటిది కొబ్బరికాయ లేచి నిలబడిన చోట. రెండోది వేప పుల్ల తిరిగిన చోట. మూడోది పంతానికి. మూడింట్లోనూ దుమ్మే. మొదటిదానికి ఎడ్ల జత పోయింది, రెండోదానికి అమ్మ నానుతాడు పోయింది. మూడోదాని అప్పు నేను జీతం తెచ్చుకోవడం మొదలుపెట్టాక తీర్చాను. ఎవరినో తప్పుపట్టాలని ఇది చెప్పడం లేదు. మూడు బోర్లు వేసినా "మన చేను కింద ఉన్న రాయి ఏది?" అని మేం ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలనే తెలియదు.

ఈమధ్య మా అమ్మాయి బడి పుస్తకంలో భూమి పాఠాలు తిరగేశాను. ఆసక్తి పుట్టి, కాలేజీ పిల్లలు మొదటి ఏడాది చదివే భూగర్భశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చుకొని రాత్రిపూట రెండేసి పేజీలు చదివాను. కొన్ని మాటలు కొరుకుడు పడలేదు. కానీ మొదటి పాఠాలు ఏమిటనుకున్నారు? రాయి, మట్టి, నీరు. అంటే మన చేనే. ఈ నాలుగు ముక్కలు ముందే తెలిసి ఉంటే మా నాన్న రెండో బోరు దగ్గరే ఆగేవారనిపించింది. అందుకే మీతో చెబుతున్నాను.

మొదటి పాఠం: పాతాళగంగ లేదు

ఎంత లోతుకు పోతే అంత నీళ్లు పడతాయని మనలో చాలామంది నమ్మకం. అడుగున ఎక్కడో గంగ పారుతోందని, అందుకోలేకపోవడమే మన దురదృష్టమని అనుకుంటాం. ఇది నిజం కాదు.

భూమి పైనుంచి నడిమధ్యకు సుమారు 6,370 కిలోమీటర్లు. మనిషి ఇప్పటిదాకా వేసిన అతి లోతైన బోరు రష్యాలోని కోలా అనే చోట ఉంది. 1970లో మొదలుపెట్టి, దాదాపు ఇరవై ఏళ్లకు 12 కిలోమీటర్ల పైచిలుకు దిగారు. మన మూడు వందల అడుగుల బోరు కిలోమీటరులో పదో వంతు కూడా కాదు. అయినా మన పంటకు పనికొచ్చే నీళ్లు ఉండేది ఆ పై పొరలోనే. అవి వాన నీళ్లే. పైనుంచి ఇంకినవే తప్ప కిందనుంచి ఊరేవి కావు. కిందకు పోయేకొద్దీ పై బరువుకు రాయి బిగుసుకుంటుంది, పగుళ్లు మూసుకుంటాయి. గ్రానైటు నేలల్లో మూడు వందల అడుగులు దాటాక నీళ్లిచ్చే పగులు తగలడం అరుదు. "ఇంకో యాభై అడుగులు" అన్న మాట విన్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

రెండో పాఠం: మీ కింద ఏ రాయి?

పుస్తకం రాళ్లను మూడు జాతులు చేస్తుంది. కరిగిన రాయి చల్లారి గట్టిపడితే అగ్నిశిల. గ్రానైటు ఇందులోది. నీటి అడుగున పొర మీద పొర పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. సున్నపురాయి ఇందులోది. ఈ రెంటిలో ఏదైనా వేడికి, ఒత్తిడికి రూపు మారితే రూపాంతర శిల. చారలు చారలుగా కనిపించే నైసు ఇందులోది.

మన ప్రాంతం విశేషం ఏమిటంటే, బస్సెక్కి గంటలోపే ఒక జాతి నుంచి ఇంకో జాతికి పోవచ్చు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి. కృష్ణకు అవతల పల్నాడులో కనిపించే నాపరాయి కుటుంబమే ఇదీ. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నమే ఈ రాయి. వయసు యాభై కోట్ల ఏళ్ల పైమాటే. జగ్గయ్యపేట పక్క ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించారు. ఆ స్తూపానికి చెక్కిన పలకలు సున్నపురాతివే. నందిగామ వైపు వస్తే ఎక్కువగా గ్రానైటు, నైసు. ఇవి ఇంకా ముసలివి, సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి.

మీ రాయి ఏదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చేలో దొరికిన రాయిని కొద్దిగా నూరి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. గ్రానైటు పొడి ఉలకదు, పలకదు. నల్లరేగడిలో దొరికే తెల్ల సున్నపు గులకలు కూడా నురగ ఇస్తాయి. కాబట్టి గులకను కాదు, బావి తవ్వినప్పుడు బయటపడ్డ అసలు బండ ముక్కను చూడండి.

పరిటాలలో గోల్కొండ పాలకుల కాలంలో వజ్రాల కోసం నేల తవ్వారు. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఇప్పుడు సిమెంటు కోసం తవ్వుతున్నారు. మనం నీళ్ల కోసం తవ్వుతున్నాం. వాళ్లు రాయిని చూసి తవ్వారు. మనం చూడకుండా తవ్వుతున్నాం. తేడా అంతే.

మూడో పాఠం: రాయిని బట్టి నీళ్లు

గ్రానైటులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. పైన బండ చివికి ఏర్పడిన మొరం పొరలో కొంత, దాని కింద పగుళ్లలో కొంత. మొరం పొర మందంగా ఉన్న చోట, పల్లపు వైపు, వాగు దాపున నీళ్లు పడే అవకాశం ఎక్కువ. బండ పైకి తేలిన మెరక మీద తక్కువ. మా మూడు బోర్లూ మెరక మీదే వేశామని ఇప్పుడు తెలుస్తోంది.

సున్నపురాయి తీరు వేరు. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి వేల ఏళ్ల మీద కరిగి సందులు, బొరియలు పడతాయి. ఆ సందు తగిలితే మోటారుకు తీరిక ఉండదు. తగలకపోతే పక్క గట్టు మీద రెండించుల నీళ్లు పోస్తున్నా మీ బోరులో దుమ్మే లేస్తుంది. "వాడికి పడింది గదా, నాకెందుకు పడదు?" అనే లెక్క అందుకే ఇక్కడ పనిచేయదు. ఇంకో సంగతి: ఈ నీళ్లలో సున్నం ఎక్కువ. డ్రిప్పు వేసినవారికి రంధ్రాల దగ్గర తెల్లగా గార కట్టి మూసుకుపోతుంది. డ్రిప్పు కొనే ముందే నీళ్లు పరీక్ష చేయించండి. బోరు నీళ్లు తాగుతుంటే ఫ్లోరైడు కూడా చూపించుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరావు.

నాలుగో పాఠం: ఎకరం లెక్క

ఇదే అసలు పాఠం. పెన్సిలు తీసుకొని కూర్చోండి.

ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. మొత్తం 36 లక్షల లీటర్లు. అబ్బో అనిపిస్తుంది. కానీ అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, పైరు తాగుతుంది, వాగులో పడి పోతుంది. మనలాంటి గట్టి రాతి నేలల్లో బోరుకు అందే లోతుకు ఇంకేది సుమారు పదో వంతు. అంటే ఎకరానికి 3 లక్షల 60 వేల లీటర్లు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఎకరం చేనుకు అయిదు సెంటీమీటర్ల తడి ఒక్కసారి ఇస్తే 2 లక్షల లీటర్లు. అంటే మీ ఎకరం మీద పడ్డ వాన మీ ఎకరానికి రెండు తడులకు కూడా నిండుగా సరిపోదు! మిరపకు మీరెన్ని తడులిస్తున్నారు? ఆ మిగిలిన నీళ్లు ఎవరివి? పక్కవాడి బీడు కింద ఇంకినవి, చెరువు కింద ఊరినవి, కాలువ నుంచి జారినవి. అందరూ బోర్లు వేసి అందరూ మిరపే పెడితే ఆ ఖాతా ఏమవుద్దో మీరే చెప్పండి.

"2024లో అంత వాన పడింది గదా, ఆ నీళ్లేమయ్యాయి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఆగస్టు ఆఖరున జగ్గయ్యపేటలో ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంటే ఎకరానికి 8 లక్షల లీటర్ల పైనే. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికొచ్చింది. కానీ తడిసి ఉబ్బిన నల్లరేగడి గంటకు కొద్ది మిల్లీమీటర్ల నీటినే లోపలికి తీసుకుంటుంది. మిగిలిందంతా పైపైన పారి కృష్ణలో కలిసింది. ఎంత కురిసిందన్నది కాదు, ఎంతసేపు నిలిచిందన్నది బోరుకు లెక్క. చెరువు పూడిక తీయడం, కుంట తవ్వడం, గట్టు వేయడం ఎందుకంటే ఇందుకే.

మీ మట్టి ఏ పాటిదో చూడాలంటే ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. రోజుల తరబడి కలకగా ఉండి ఆఖరున దిగేది బంక. బంక పొర మందంగా ఉంటే నీళ్లు నిదానంగా ఇంకుతాయి. తొందరపడి పారించకండి.

ఈ చదువు చదివిన రైతులున్నారు

ఇదంతా చదువుకున్నవాళ్ల వ్యవహారం అనుకోకండి. 2003 తర్వాత నల్గొండ, మహబూబ్‌నగర్, ప్రకాశం, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల కరువు పల్లెల్లో భూగర్భ జలాల నిర్వహణ పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. అక్కడి రైతులు, ఆడవాళ్లతో సహా, తామే వాన కొలిచారు, తామే బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఏటా వానాకాలం అయ్యాక ఊరంతా కూర్చొని, నేల కింద ఎంత నీరుందో లెక్కగట్టి, రబీలో ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. ఎవరి మీదా బలవంతం లేదు. లెక్క కళ్లముందు ఉంటే నీళ్లు ఎక్కువ తాగే పంటను చాలామంది తామే తగ్గించుకున్నారు. నల్గొండ మనకు పొరుగే. వాళ్లకు చేతనయింది మనకు కాకపోదు.

బండిని పిలిచే ముందు

ఒకటి. చుట్టూ ఉన్న బోర్ల వివరం రాసుకోండి. పడినవెన్ని, పడనివెన్ని, ఎంత లోతులో బండ, ఎంత లోతులో నీళ్లు. పడిన బోరు గురించి అందరూ చెబుతారు. పడనిదాని గురించి మీరే అడగాలి.

రెండు. భూగర్భ జల శాఖ వారితో పొలం సర్వే చేయించండి. వారు నేలలోకి కరెంటు పంపి కొలుస్తారు. తడి రాతిలో కరెంటు తేలిగ్గా పోతుంది, పొడి బండలో పోదు. బంకమట్టి ఉన్న చోట ఇదీ పొరబడవచ్చు. అయినా కొబ్బరికాయ కంటే నయం. ఒకవేళ "ఇక్కడ వద్దు" అన్నారంటే, ఆ మాట విలువ ఒక బోరు ఖర్చంత.

మూడు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు.

నాలుగు. ఎంత లోతు దాకా పోవాలో ముందే ఇంట్లో అనుకోండి. ఆడవాళ్లను కూడా అడగండి, తాకట్టుకు పోయేది వాళ్ల మెడలోదే. ఆ లోతు వచ్చాక ఎవరేం చెప్పినా ఆపేయండి. పడని బోరుకు ఆ రోజే గట్టి మూత వేయించండి. పసిపిల్లలు తిరిగే చోటు.

అయిదు. ఇప్పటికే బోరుంటే మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి మోటారు ఆపి, కొన్ని గంటలాగి, తాడుకు బరువు కట్టి నీటి మట్టం కొలిచి గోడ మీద రాయండి. ఏటేటా దిగుతుంటే అది మీకు అందిన నోటీసు. మిరపలో కొంత తగ్గించి పెసరో, మినుమో, కందో ఆలోచించండి. మట్టి, పంట సంగతులకు జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లి అడగండి.

2022 ఏప్రిల్‌లో మనం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాం. పైన జిల్లా పేరు మారింది గాని కింద రాయి మారలేదు. అది ఎన్నో కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది, అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉంది. మా నాన్న ఇప్పుడు పెద్దవారయ్యారు. మొన్న ఆయన ముందు కూర్చొని ఈ ఎకరం లెక్క వేసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నారు: "ఈ లెక్క నాకు ఎవరన్నా ఆ రోజు చెప్పుంటే మీ అమ్మ మెడలో నానుతాడు ఉండేదిరా."

ఈ వారం బోరు బండికి ఫోను చేద్దామనుకుంటున్నవారు ఒక్క రోజు ఆగండి. ముందు ఆ రాయి పొడి మీద నిమ్మరసం పిండి చూడండి.